బానెట్ మీద నాలుగు గళ్ళు

తండయార్‌పేటలో మా వీధికి
పొద్దున చేపల లారీ, మధ్యాహ్నం హార్బరు బొగ్గు,
రాత్రంతా ఉప్పుగాలి. మూడు షిఫ్టులు.
నా ఎర్ర మారుతికి ఏ షిఫ్టులోనూ సెలవు లేదు.

ఇరవై ఆరేళ్ళ బండి.
కంటి డాక్టరు గారి కాంపౌండరు తాళాలు నా చేతిలో పెట్టేసరికే
దాని ఎరుపు
మిరప కల్లంలో తాలుకాయ రంగుకి దిగిపోయింది.

పుదుప్పేటలో నాలుగు కొట్లు, నాలుగు డబ్బాలు.
ఒక్కో కొట్టువాడు ఒక్కో దేవుడి మీద ఒట్టేశాడు.
దేవుళ్ళ మధ్య తగువెందుకని
టేపు అంటించి బానెట్‌ని నాలుగు గళ్ళు చేశాను.
ధనకోటి గుమ్మంలోంచి చూసి
"గవ్వలు కూడా తెమ్మంటావా?" అంది.

మొదటి గడికి పసుపుపచ్చ పేస్టు.
ఎక్కడో ఏదో తాటిజాతి చెట్టు
ఎండ తనని తాగెయ్యకుండా
ఆకు మీద తనే పూసుకునే మైనమట.
రుద్దితే మెరుపు లోపల్నించి వచ్చింది,
బావిలోకి తొంగిచూసినట్టు.
మరక మాత్రం పోలేదు.
అద్దం కట్టించిన ఫోటోలా
ఇంకా బాగా కనపడింది.

రెండోది పాలలాంటి ద్రవం.
కడిగేదీ నేనే, కాపాడేదీ నేనే అంటుంది డబ్బా.
నిజమే, బొగ్గు చుక్కలు పోయాయి,
కాకిరెట్ట తిన్న నీడ కూడా పోయింది.
గుడ్డ తిప్పి చూస్తే
ఎర్రగా ఉంది.
మురికి నల్లగా కదా ఉండాలి?

మూడోది ల్యాబులో పుట్టిన బిడ్డ.
వాసన లేదు, మెరుపు ఉంది గాని
ఆస్పత్రి వరండా మెరుపు.
నాలుగోది స్ప్రే. కొట్టు, తుడువు, వెళ్ళు.
రెండో వానకి అదీ వెళ్ళింది.

దీపావళి వానలో గొడుగు పట్టుకుని
క్రేన్ల లెక్కలు రాసే పుస్తకం వెనకపేజీల్లో రాసుకున్నాను:
ఒకటి, సగ్గుబియ్యం.
రెండు, మజ్జిగ ఒలికినట్టు.
మూడు, ఆవాలు. నిలవవు, దొర్లిపోతాయి.
నెల తిరిగేసరికి సగ్గుబియ్యం ఉడికి చదునైపోయింది.
సంక్షిప్తంగా చెప్పాలంటే, అందగాడు ఉండడు,
ఉండేవాడు మురికిని కూడా తనతోనే ఉంచుకుంటాడు.

పాలిష్ పట్టే ఏకాంబరం నవ్వాడు.
"ఉతికేవాణ్ణీ కావలివాణ్ణీ
ఒకే జీతానికి దొరకమంటే ఎట్లా సారూ?
ముందు ఒకడు ఉతికి వెళ్ళాలి. తర్వాతే రెండోవాడు కూర్చోవాలి."

అప్పుడు మా అమ్మ ఇత్తడి బిందె గుర్తొచ్చింది.
మెడ దగ్గర చుక్కలు కొట్టించుకున్న పేరు, రామానుజమ్మ.
శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి
తళతళలాడేలా తోమి తోమి
చివరికి బిందె మీద "జమ్మ" మిగిలింది.
ఆ "జమ్మ" ఎవరని ధనకోటి నన్నడిగింది, కాపురానికొచ్చిన కొత్తలో.

ఆదివారం బండంతా కడిగాను.
పాలడబ్బా ఒక్కసారి, వేళ్ళ కొసలతో, బిడ్డకి స్నానం చేయించినట్టు.
దాని మీద మూడోది, పల్చగా, రెండు పూతలు.
తాటాకు మైనం పారెయ్యబుద్ధి కాక
డ్రైవరు తలుపుకి మాత్రం రాశాను,
నేను దిగేటప్పుడు నాకే కనపడాలని.
రెండో డబ్బా మూత బిగించి అటక మీద పెట్టాను,
వచ్చే ఏడు దీపావళికి ముందు దించకూడదని.
టేపు గీతల ప్లస్ గుర్తు ఇంకా పూర్తిగా పోలేదు.
వాలు వెలుగులో కనపడుతుంది.

ఆ గుడ్డని ధనకోటి పొయ్యిగట్టుకి అడిగింది.
ఇవ్వలేదు.
ఉతకలేదు కూడా.
మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టాను,
ఇన్సూరెన్సు కాగితాల కింద.
బండిదే కదా ఆ ఎరుపు,
బండిలోనే ఉండనీ.